గంగక్క నన్నారికి వచ్చిన బేరగాడు

బద్వేలు బస్టాండు దగ్గర గంగక్క నన్నారి షర్బత్ బండి తెలియనివాళ్ళు లేరు. కొండ నుంచి వచ్చిన నన్నారి వేర్లను ముందు ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తుంది. నచ్చకపోతే తెచ్చినవాడి ఎదుటే పక్కన పడేస్తుంది. వేరు దంచి, లోపలి పుల్ల తీసేసి, పై బెరడు ఒక్కటే కాచి పాకం పడుతుంది. పుల్ల కూడా కలిపితే ఎక్కువొస్తుంది కదా అని నేనొకసారి అన్నాను. పక్కింటిదాన్నని కూడా చూడకుండా వాయించింది.

ఆ నన్నారి అందరికన్నా ఎక్కువ అవసరం ఆమె మొగుడు ఓబుళేశన్నకే. పదిహేనేళ్ళు తాగి ఇల్లు గుల్ల చేసిన మనిషి, నాలుగేళ్ళుగా మందు ముట్టలేదు. సాయంత్రమయితే ప్రాణం బ్రాందీ షాపు వైపు లాగేది. అప్పుడు గంగక్క పెద్ద గ్లాసు నిండా నన్నారి కలిపిచ్చి, తాగేదాకా ఎదురుగా కూర్చునేది. రోజూ ఆ గ్లాసే ఆయన్ను నిలబెట్టేది.

ఈ వేసవిలో బెంగళూరు నుంచి ఒక పెద్దమనిషి కారులో దిగాడు. వాణ్ణి పెద్దమనిషి అనడానికి నాకు నోరు రావడం లేదు. మా కొత్త సరుకులో నన్నారి రుచి పెడుతున్నాం, ఊరంతా మీ పేరే చెప్పారు అంటూ గంగక్కను మునగచెట్టెక్కించాడు. వేర్లు కొంటాడేమో అనుకున్నాం. వాడికి వేర్లెందుకు? ఫ్యాక్టరీలో చేసిన నాలుగు రకాల ఎసెన్సు బయటికి తీశాడు. నాలుగు కాగితం ముక్కలకు అద్ది, నంబర్లు వేసి, మీ నన్నారికి దగ్గరగా ఉన్నదేదో చెప్పండి చాలన్నాడు. ఇంతకీ సరుకేమిటని గంగక్క అడిగింది. బ్రాందీ అన్నాడు, సిగ్గూ శరమూ లేకుండా.

ఆమె మొహం మాడిపోయింది. అయినా అరవలేదు. నాలుగూ వాసన చూసి ఒకటో నంబరు ముందుకు తోసింది. అది అచ్చం దగ్గుమందు. ఎందుకలా తప్పు చెప్పిందో నాకు అర్థమై నోరు మూసుకున్నాను.

సరిగ్గా అప్పుడే ఐసుగడ్డ మోసుకుని ఓబుళేశన్న వచ్చాడు. బ్రాందీ మాట ఆయన వినలేదు. సంగతేమిటని వాడినే అడిగితే, బ్రాందీ మాట మింగేసి, గంగక్క ఒకటోది చూపిందని చెప్పాడు వాడు. ఓబుళేశన్న నాలుగూ వాసన చూసి, పెండ్లాం పొరపడిందనుకున్నాడు పాపం. మూడోది పైకెత్తాడు.

“ఇదీ సార్, మా ఇంటిదాని నన్నారి. కండ్లు మూసుకోని చెప్తా.”

వాడు మూడో నంబరు రాసుకుని, దండం పెట్టి కారెక్కాడు. బండి దగ్గర ఒక గ్లాసు కూడా తాగలేదు, దొంగసచ్చినోడు! నాలుగేళ్ళు ఒక ఆడది మొగుడికి కాపలా పెట్టుకున్న రుచిని రెండు నిమిషాల్లో ఎత్తుకుపోయాడు. ఇది దొంగతనం కాకపోతే ఇంకేమిటి? కానీ అడిగే నాథుడేడీ?

ఓబుళేశన్న ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. గంగక్క ఆయన వైపు తిరిగింది.

“అది బ్రాందీలో పోసేదానికంట. రేపు ఆ సీసాలో నా నన్నారి వాసనే వస్తే, నిన్ను ఏమిచ్చి ఆపుకోవల్ల?”

ఆయన చేతిలోని మూడో కాగితాన్ని నలిపి పారేశాడు.

“ఇంక నాకు నన్నారి ఇయ్యొద్దు గంగా. ఆ రుచే మరిచిపోతా. మజ్జిగియ్యి” అన్నాడు.

ఇప్పటికీ బద్వేలంతా గంగక్క నన్నారి తాగుతోంది, ఆమె మొగుడు తప్ప.