సగం ముఖంతో కుప్పం ప్రయాణం

మదనపల్లె నుండి కుప్పం వెళ్లదలచిన వారికి ఉదయం ఆరుంబావు బస్సు అనుకూలంగా ఉంటుంది. రద్దీ తక్కువ, కిటికీలు తెరుచుకుంటాయి. నేను దానిని ఎంచుకున్న కారణం మాత్రం వేరు. ఉదయం పూట దక్షిణంగా పుంగనూరు వైపు పోయేటప్పుడు ఎండ ఎడమ చెంప మీద పడుతుంది. పలమనేరు దాటి దారి నైరుతికి మళ్లిన తరువాత, పడమటికి వాలిన మధ్యాహ్నపు ఎండ కుడి చెంప మీద పడుతుంది. రెండు చెంపలకూ ఎండ సమానంగా అందడం ఆ రోజు నాకు చాలా అవసరం.

ఆ అవసరం ఏమిటో ముందుగా చెప్పాలి. మా వీధిలో పన్నెండు మంది స్త్రీలతో ఒక పొదుపు సంఘం ఉంది. అందరూ టమాటా కోతకు కూలికి వెళ్లేవారే. ధర పడిపోయిన నెలలలో కోత ఉండదు, కూలీ ఉండదు. సదుం వైపు మా అవ్వ చేను గట్టున దొరికే తెల్ల సుద్దమన్నును ఆరబెట్టి, దంచి, జల్లించి, ముఖానికి రాసుకొనే పొడిగా అమ్మవచ్చునని వారికి చెప్పినది నేనే. చర్మం పైన పేరుకొన్న మృతకణాలను అది తొలగిస్తుందని వివరించాను. మా కుటుంబంలో పట్టభద్రురాలైన మొదటి వ్యక్తిని, అందులోనూ రసాయనశాస్త్రం చదివినదానిని కావడం వలన, నా మాట నమ్మి పదకొండు మూటల మన్ను తెచ్చి మా ముందుగదిలో దించారు. కొనడానికి ఎవరూ ముందుకు రాలేదు. కుప్పంలో అలంకరణ సామగ్రి టోకు దుకాణం, దాని వెనుక బ్యూటీ పార్లరు నడిపే పార్వతమ్మ గారు మాత్రం ఫోనులో ఒక మాట అన్నారు.

"ఫోటోలు వద్దమ్మా. పూసుకున్న మొగాన్నే తీసుకోని రా."

ఆమె కూడా కాదంటే ఆ మన్ను గోడలకు పూయడానికి తప్ప పనికిరాదు. అందువలన ముఖం ఎవరిదన్న చర్చ వచ్చింది. సంఘం నాయకురాలు రెడ్డెమ్మక్క నా వైపు వేలు చూపింది. పోలిక లేని పరీక్షకు విలువ ఉండదు కనుక, ఎడమ సగానికి మాత్రమే మన్ను రాసుకొని, కుడి సగాన్ని ఉత్త నీళ్లతో కడుగుతానని నేనే ప్రతిపాదించాను. ముక్కు మధ్య నుండి సరిహద్దు నిర్ణయించుకొన్నాను. ఇరవై ఒక్క రోజులు, ప్రతి ఉదయం అయిదు నిమిషాల చొప్పున రుద్దాను. బయలుదేరేనాటికి ఎడమ చెంప ఎర్రగా, బిగుతుగా నిగనిగలాడుతూ ఉంది. నోటుపుస్తకంలో దానిని కాంతి అని రాసుకొన్నాను.

బస్సు సమయానికే కదిలింది. స్త్రీలకు సున్నా టిక్కెట్టు కనుక కండక్టరు ఆధార్ కార్డు అడిగాడు. కార్డును, నన్ను రెండుసార్లు మార్చి మార్చి చూశాడు.

"ఏమ్మా, దీంట్లో ఉండేది ఏ పక్క?" అన్నాడు.

"కుడి పక్కకు దగ్గరగా ఉంటుంది" అని చెప్పాను.

"అట్లయితే ఆ పక్కే తిప్పు" అని, కుడి చెంపను సరిచూసుకొని టిక్కెట్టు చించి ఇచ్చాడు.

నా పక్కన ఖాళీ టమాటా క్రేట్లతో ఒక పెద్దాయన కూర్చున్నాడు. కొంతసేపు ఓపిక పట్టి, "పంటినొప్పా తల్లీ? ఒగ పక్క వాసినట్టుండాది" అని అడిగాడు. విషయం వివరించాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"మా గోడకీ ఆ మన్నే పూసినామమ్మా. ఏడాదికంతా పెచ్చులు లేసిపాయ" అని, గోడతో పాటు నా మీద కూడా జాలి చూపించాడు.

ఏడు ఇరవైకి పుంగనూరు చేరాను. బస్టాండుకు నాలుగు వీధుల అవతల మా పెద్దమ్మ ఇల్లు. అక్కడ పన్నెండు వరకు ఆగాలని నేను ముందే నిర్ణయించుకొన్నాను. మధ్యాహ్నపు ఎండ కోసం ఆగడం తప్పదు. పెద్దమ్మ వేడి రాగి సంగటి, వేరుశెనగ ఊరిబిండి పచ్చడి పెట్టింది. తెల్లవారుజామున నాలుగింటికే లేచినందువలన తిన్న వెంటనే చాప మీద కన్నంటుకుంది.

మెలకువ వచ్చేసరికి కుడి చెంప చల్లగా ఉంది. పక్కన పెద్దమ్మ, ఆమె చేతిలో గిన్నె, గిన్నెలో పెరుగుతో కలిపిన పెసరపిండి. అప్పటికే రుద్దడం, తడిగుడ్డతో తుడవడం రెండూ పూర్తి చేసింది.

"ఏం చేసినావు పెద్దమ్మా?" అన్నాను.

"ఏం చేస్తా? సగం వాకిలి ఊడ్సి సగం ఇడిసిపెడతారా యాడన్నా? మొగం అట్ల పెట్టుకోని ఊర్లు తిరగతాండావే, సూసినోళ్లు ఏమంటారు? వాళ్లింట్లో నీళ్లకి కరువా అనరా?"

"అది కావాలనే ఇడిసినాను. పోల్చి సూపించేదానికి."

"ఇప్పుడు సూపించు. రెండు పక్కలా బాగుండాది."

అద్దంలో చూశాను. ఆమె చెప్పినది సగం నిజం. కుడి పక్క బాగానే ఉంది. ఇరవై ఒక్క రోజుల ఎడమ పక్క కంటె, ఆ అరగంట కుడి పక్క మెత్తగా, తేటగా ఉంది. పెద్దమ్మ మంచి మనసుతో చేసిన పనికి కోపం తెచ్చుకోవడం న్యాయం కాదు. కాని పరీక్ష పాడైపోయింది.

బస్టాండుకు వచ్చి రెడ్డెమ్మక్కకు ఫోను చేశాను.

"మీ పెద్దమ్మ చెయ్యి ఇరగా" అని, మళ్లీ వెంటనే, "పోనీలే. నువ్వు ఆయమ్మకి ఎడం పక్కే సూపించు. పెసరపిండి మాట ఎత్తద్దు" అంది.

"అడిగితే?"

"అడగరు. పెసరపిండి గురించి ఎవురడగతారు? పన్నెండు మందిమి నీ మొగం పైన ఉండాము, గుర్తు పెట్టుకో."

పన్నెండుంబావుకు కుప్పం బస్సు దొరికింది. పలమనేరులో పది నిమిషాలు ఆగింది. టీ తాగడానికి ఆ వ్యవధి చాలు. అక్కడ ఎక్కిన ఒక రామకుప్పం స్త్రీ నా పక్కన కూర్చొని, నేను ఎండ వైపుకు చెంప తిప్పి కూర్చోవడం గమనించింది. కారణం అడిగి, ఆశ్చర్యపోలేదు.

"మాకూ అంతేనమ్మా. ఏనుగులొచ్చి రాగి చేన్లో సగం తొక్కేసినాయి. ఆపీసరొచ్చి, ఇంత పంట ఉండిందని ఏం గ్యారంటీ అన్నాడు. తొక్కని సగం సూపిస్తిమి. రాసుకోని పాయ."

"ఆ సగాన్ని కూడా తొక్కేసి ఉంటే?" అని అడిగాను.

"ఇంగేం సూపిస్తాం? ఏనుగుని సూపించల్ల."

ఆమె దిగేవేళకు మబ్బు కూడా కమ్ముకొంది. కుడి చెంపకు అందవలసిన ఎండ అందలేదు.

మూడు నలభైకి కుప్పం చేరాను. దుకాణం రైల్వే స్టేషన్ దారిలోనే ఉంది. పార్వతమ్మ గారు నన్ను పార్లరులో ఎత్తు కుర్చీపై కూర్చోబెట్టి, కొంతసేపు చూసి, "నాకు ఒగ పక్క ఎరుపు, ఒగ పక్క నునుపు కనపడతాండాది. ఏది మంచిదో మా ఆయన్నే చెప్పమందాం" అన్నారు. ఆమె భర్త మునెప్ప గారు ఇరవై ఏళ్లుగా గ్రానైట్ పలకలకు పాలిష్ పట్టే మేస్త్రీ. పెరటి షెడ్డు నుండి రాతి బురద అంటిన చేతులతోనే వచ్చారు. నన్ను ముట్టుకోలేదు. ట్యూబులైటు ఆర్పించి, టార్చిలైటును నా చెవి పక్కన అడ్డంగా పట్టారు.

"ఎదురుగా సూస్తే రాయి అబద్ధం చెప్తాదమ్మా. పక్కనించి ఎలుగు పడితేనే గీత తెలిసేది" అన్నారు.

ఎడమ చెంప, కుడి చెంప, నుదురు, మళ్లీ ఎడమ చెంప. పలకను చూసినంత నిదానంగా చూశారు.

"కుడి పక్కే పాలీషు. ఎడం పక్క ఇంగా కోతలోనే ఉండాది."

పార్వతమ్మ గారు వెంటనే పుస్తకం తెరిచారు. "ఆయన కన్ను తప్పదు. వంద పాకెట్లు పంపించు. మొదటి విడతకి సాలు."

వంద పాకెట్లు. ఆ మాట కోసమే పన్నెండు మంది ఎదురుచూస్తున్నారు. కుడి పక్క గురించి ఎవరూ ఏమీ అడగలేదు. రెడ్డెమ్మక్క చెప్పినట్లే జరిగింది. నేను లేచి, నమస్కరించి, వెళ్లిపోవచ్చు. కాని ఆ పాకెట్లు కొనుక్కొన్న వారి రెండు చెంపలూ నా ఎడమ చెంపలాగా అవుతాయి.

"కుడి పక్కకు మా మన్ను తగల్లేదండీ" అన్నాను. "అది మా పెద్దమ్మ పూసిన పెసరపిండి. మన్ను రాసుకున్నది ఎడమ పక్క."

పార్వతమ్మ గారు కలం మూత పెట్టారు. మునెప్ప గారు మాత్రం టార్చి ఆర్పకుండా అడిగారు.

"ఎన్ని దినాలు రుద్దినావు?"

"ఇరవై ఒక్క రోజులు. ప్రతి ఉదయం."

"దినామూనా? దేంతో జల్లించినారు?"

"రాగిపిండి జల్లెడతో."

ఆయన నేను నమూనాకు తెచ్చిన డబ్బాలోని పొడిని చిటికెడు తీసి పంటి కింద వేసుకొన్నారు. కరకరమన్న శబ్దం నాకు కూడా వినిపించింది.

"ఇది మన్ను కాదమ్మా, ఇసక. రాయికైనా గరుకుది ఒగసారే పడతాం. మల్ల సన్నంది, ఇంగా సన్నంది. మెరుపొచ్చినాక మిషను ఆపేస్తాం. కోసిందే కోస్తా ఉంటే ఇంగ పలక యాడుంటాది?"

తరువాత ఒక గ్లాసు నీళ్లలో పొడి కలిపి, పది లెక్కపెట్టి, పైన తేలిన పాలవంటి నీళ్లను మరో గ్లాసులోకి వంచారు. మొదటి గ్లాసు అడుగున ఇసుక మిగిలింది. రెండవ గ్లాసును కదపకుండా అరగంట ఉంచారు. అడుగున తెల్లటి మీగడ లాంటి సన్నమన్ను దిగింది. ఈ పద్ధతి గురించి నేను పరీక్షలో అయిదు మార్కుల సమాధానం రాసి ఉన్నాను. ఇంట్లో పదకొండు మూటలు పెట్టుకొని కూడా అది నాకు తోచలేదు.

పార్వతమ్మ గారు ఆ మీగడను ముంజేతికి రాసుకొని, కాసేపు ఆగి, కడిగి చూసుకొన్నారు. కలం మూత తీశారు.

"ఈ అడుగున దిగింది తెస్తే వంద తీసుకుంటా. జల్లెడ మన్ను ఒగటి కూడా వద్దు. వారానికి రెండుసార్లే, దినామూ వద్దని పాకెట్టు పైన రాయల్ల. మొగం మల్ల తేవద్దు తల్లీ, దానికి విశ్రాంతి ఇయ్యి."

మిగిలిన మీగడను ఒక చిన్న డబ్బాలో పోసి ఇచ్చారు. బస్టాండు నుండి రెడ్డెమ్మక్కకు జరిగినది జరిగినట్లు చెప్పాను.

"పెసరపిండని చెప్పేసినావా?" అంది.

"చెప్పేసినాను."

"నేనైతే చెప్పుండను" అంది. తరువాత, "పదకొండు మూటలూ నీళ్లల్లో కలపల్లనా?" అని అడిగింది. అవునన్నాను. తొట్లు ఎవరెవరి ఇళ్లలో ఉన్నాయో ఆమె పేర్లు చెప్పుకొంటూ ఉండగానే నా బస్సు వచ్చింది.

అయిదున్నర బస్సులో తిరుగు ప్రయాణం. ఈ దారిలో వెళ్లేవారికి నేను చెప్పగలిగినది ఒకటే: ఇక్కడ ఎవరినీ అడగకుండానే సలహాలు దొరుకుతాయి, వాటిలో కొన్నింటిని ఇల్లు వదిలే ముందే విని ఉండవలసినది. డబ్బాలో ఏముందని పక్కసీటు ఆమె అడిగింది. దాచవలసినది ఇక ఏమీ లేదు కనుక అంతా చెప్పాను. ఆమె చేయి చాపింది. కొంచెం రాశాను. వెనుక సీటు నుండి ఒక చేయి, ముందు సీటు నుండి రెండు చేతులు వచ్చాయి. పలమనేరు చేరేలోపు బస్సులో సగం మంది ముంజేతులు తెల్లగా ఉన్నాయి. ఒక తాత మాత్రం వేలితో తీసుకొని, కళ్లు మూసుకొని, నుదుటి మీద మూడు గీతలు పెట్టుకొన్నాడు.

"యే గుడిదమ్మా ఇది?" అని అడిగాడు.

గుడిది కాదని, మదనపల్లెలో మా ఇంటిదని చెప్పాను. వారానికి రెండుసార్లకు మించి పెట్టుకోవద్దని కూడా చెప్పాను.