మూడో మలుపు

రేసు బైకుల షెడ్డులో అందరూ ఆయన్ని చెవి మేస్త్రి అంటారు. ఒకప్పుడు ఇంజను మోత విని, వెనక చక్రం ఎక్కడ జారబోతోందో ఇట్టే చెప్పేసేవాడు. ఇప్పుడు ఆ సంగతి బైకులోని కంప్యూటరే చూసుకుంటోంది. ఆయన టైర్లు తుడుస్తూ కూర్చుంటాడు. కుడి మణికట్టు మాత్రం, లేని యాక్సిలరేటరును తగ్గిస్తున్నట్టు, ఊరికే తిరుగుతూ ఉంటుంది. ఆవేళ కూతురు ప్రాక్టీసు ముగించుకుని వచ్చేసరికి ఆయన, ఆమె బైకు చక్రం తిరిగిన తీరును కంప్యూటర్ తెరమీద గీసిన గీత చూస్తున్నాడు. ఆయన తమ్ముడు పడి మళ్ళీ లేవని మలుపు దగ్గర గీత వణికింది.

"మూడో మలుపులో జారావు. కంప్యూటర్ నిలబెట్టింది, తెలిసిందా?"

"జారానా? నాకేం తెలీలేదే!" అంది కూతురు హెల్మెట్ తీస్తూ. "ఈ కంప్యూటర్లొచ్చి రేసును పాడుచేశాయని రోజూ తిడతావుగా నాన్నా?"

"పాడుచేశాయమ్మా," అన్నాడు ఎప్పటి గొంతుతోనే. మణికట్టు ఆగింది. ఆమె బైకు ఇంకా వేడి తగ్గని టైరు మీద చెయ్యి పెట్టి, తియ్యడం మరిచిపోయాడు.