అన్నయ్య గొంతుతో ఒక బొమ్మ

ఆమె పని బొమ్మల్ని కదిలించడం. ఒక చిన్న స్టూడియోలో పిల్లల పాటలకూ సబ్బుల ప్రకటనలకూ బొమ్మలు గీసేది. తలవంచుకుని తన పని తాను చేసుకుపోయే మనిషి. అక్కడందరూ బొమ్మలమ్మాయి అనేవారు. ఆమెకు ఒక అన్నయ్య ఉన్నాడని వాళ్ళకు తెలుసు. ఆ అన్నయ్యకు మనసు ఒకసారి ఉప్పొంగి, ఒకసారి కుంగిపోయే బైపోలార్ జబ్బు ఉందని మాత్రం ఆమె ఎప్పుడూ చెప్పలేదు.

ఒకనాడు ఒక పెద్దాసుపత్రి మానసిక విభాగం నుంచి స్టూడియోకి పని వచ్చింది. బైపోలార్ ఉన్నవాళ్ళంటే జనానికుండే భయం, చిన్నచూపు తగ్గేలా ఒక చిన్న యానిమేషన్ కావాలట. రోగులు కూర్చునే హాల్లో వేస్తారట. పక్క సీటతను అప్పటికప్పుడు ఒక మనిషిని గీసి చూపించాడు. రేగిన జుట్టు, చిరిగిన చొక్కా, చెరోవైపు తిరిగిన కళ్ళు. అందరూ నవ్వారు. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

“మా అన్నయ్యకుంది ఈ జబ్బు. రోజూ గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని షాపుకెళ్తాడు,” అంది.

స్టూడియో యజమాని ఆ పని ఆమెకే అప్పగించాడు.

అన్నయ్యది కళ్ళజోళ్ళ షాపు. ఆయన చూపు పరీక్షించి అద్దాలు అమర్చేవాడు, వదిన ఫ్రేములు చూపించి బేరాలు చూసుకునేది. పెళ్ళయిన కొన్నేళ్ళకు జబ్బు బయటపడింది. మొదట ఆయనకు నిద్రే అక్కర్లేకుండా పోయింది. షాపుకు వారం తిరక్కుండా రెండుసార్లు రంగు వేయించాడు. దారిన పోయేవాళ్ళను లోపలికి పిలిచి ఖరీదైన ఫ్రేములు ఊరికే పెట్టి పంపాడు. ఆ ఊపు దిగాక నెలల తరబడి మంచం దిగలేదు. మందులు కుదిరి మళ్ళీ మామూలు మనిషయ్యాడు గానీ, వీధి మాత్రం మామూలు కాలేదు. పిచ్చోడి చేతిలో కళ్ళు పెడతామా అంటూ సగం మంది వేరే షాపుకు మళ్ళారు. చుట్టాలు ఏ వేడుకకైనా వదిననొక్కదాన్నే రమ్మని, ఆయనకెందుకులే శ్రమ అనేవారు. ఆయన అది విని నవ్వి, “నా మీద వీళ్ళకెంత దయో,” అనేవాడు. వదినకు మాత్రం నవ్వొచ్చేది కాదు.

బొమ్మలమ్మాయి వెళ్ళి సంగతంతా చెప్పి, నీ కథే చేస్తాను, నువ్వే మాట్లాడాలి అని అడిగింది. ఆయన చేతిలోని అద్దాన్ని గుడ్డతో తుడుస్తూ, మొహం కనిపించదు కదా అని ఒకటికి రెండుసార్లు అడిగాడు. కనిపించదు, అందులో ఉండేది బొమ్మే అని చెప్పాక ఒప్పుకున్నాడు.

అలా మొదలైంది. మధ్యాహ్నం పూట షాపు ఖాళీగా ఉన్నప్పుడు ఆమె రికార్డర్ పెట్టేది, ఆయన మాట్లాడేవాడు. గీసినవి తెచ్చి చూపిస్తే తప్పులు పట్టేవాడు. దిగులు రోజుల కోసం ఆమె కన్నీళ్ళు కారుస్తున్న మనిషిని గీసింది.

“ఏడుస్తున్నట్టు గీశావేమే? ఏడుపొస్తే బాగుపడ్డట్టే కదా. అసలేమీ రాదు. గ్లాసు అక్కడే ఉంటుంది, దాహమేస్తుంటుంది, చెయ్యి చాపడం నావల్ల కాదు. అది గియ్యి.”

ఆమె అది గీసింది. గ్లాసు వైపు చెయ్యి వెళ్ళడానికే బోలెడన్ని బొమ్మలు పట్టాయి. ఊపు వచ్చిన రోజులకు రంగులు గీత దాటి పొంగిపోయేట్టు వేసింది. ఆ బొమ్మలో మనిషి ముఖం భయపెట్టేలా లేదు, వెలిగిపోతూ ఉంది. అది చూసి ఆయన ఇన్నాళ్ళకు ఒకరికి అర్థమైందన్నాడు. వదిన అది చూసి లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజుల్లో తాను ఆయన్ని గదిలో పెట్టి తలుపు గడియ వేసిన సంగతి గుర్తొచ్చి ఉంటుంది.

సినిమా సగానికి పైగా అయింది. ఒక సాయంత్రం షాపులో అన్నయ్యకు ఒళ్ళంతా చెమటలు పట్టాయి. ఛాతీ పట్టేసినట్టుందనీ, ఎడమ చెయ్యి లాగుతోందనీ అన్నాడు. వదిన ఫోన్ చేస్తే బొమ్మలమ్మాయి పరుగున వచ్చింది. ఇద్దరూ కలిసి దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళారు. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు మొదట శ్రద్ధగానే అడిగాడు. ఏమైనా మందులు వాడుతున్నారా అంటే అన్నయ్య దాచకుండా చెప్పాడు. ఆ పేర్లు వినగానే డాక్టరు ఆయన్ని వదిలేసి వదిన వైపు తిరిగాడు.

“టాబ్లెట్లు సరిగ్గా వేసుకుంటున్నారా ఈయన? ఇది ఆందోళనమ్మా. వీళ్ళకిలాంటివి మామూలే.”

నొప్పి ఇక్కడండీ అని అన్నయ్య ఛాతీ మీద చెయ్యి పెట్టి చూపించాడు. ఇ.సి.జి. తీయమని బొమ్మలమ్మాయి బతిమాలింది. అక్కర్లేదని చెప్పి, నిద్రకు ఇంజెక్షన్ చేసి పంపేశారు. తెల్లవారాక వదిన కాఫీ కప్పుతో వెళ్ళి లేపబోతే, ఆయన లేవలేదు.

బొమ్మలమ్మాయి స్టూడియోకు వెళ్ళడం మానేసింది. పెన్ను పట్టుకుంటే చెయ్యి ఆడేది కాదు. ఇంకా బతికున్న మనిషిలా ఆ గొంతు కంప్యూటర్లో ఉందన్న ఆలోచనకే గుండె చెరువయ్యేది. చివరికి వదినే ఆమె గదికి వచ్చింది. పక్కన కూర్చుని, అప్పటిదాకా చేసిన సినిమా వేయమంది. ఉన్నంత వరకూ ఇద్దరూ చూశారు. వదిన కళ్ళు తుడుచుకుంది.

“ఇక్కడితో ఆపకు. ఆసుపత్రిది కూడా పెట్టు.”

“దానికి అన్నయ్య గొంతు లేదు వదినా.”

“నేనున్నాను కదా.”

ఆ భాగం వదిన చెప్పింది. బొమ్మలో ఆయన మంచం మీద పడుకుని ఏదో చెబుతూనే ఉంటాడు, నోటి నుంచి మాట మాత్రం వినిపించదు. వదిన గొంతు ఒక్కటే వినిపిస్తుంది: “ఆయన గుండె గురించి చెప్పాడు. వాళ్ళు మనసు జబ్బు గురించే విన్నారు.”

పని ఇచ్చిన విభాగం పెద్ద డాక్టరమ్మ చివరి భాగం చూసి తటపటాయించింది. రోగులు చూస్తే వైద్యమంటేనే భయపడతారని హాల్లో అది లేకుండా వేయించింది. కానీ డాక్టర్లకూ నర్సులకూ అదే ముఖ్యమంటూ తనే వేరే ఆసుపత్రులకు తీసుకెళ్ళి మొత్తం చూపించింది. అలా అది అన్నయ్యను వెనక్కి పంపిన ఆసుపత్రికీ వెళ్ళింది. ఆ రోజు వదిన, బొమ్మలమ్మాయి చివరి వరుసలో కూర్చున్నారు.

లైట్లు వేశాక అందరూ వెళ్ళిపోయారు. ఒక మనిషి మాత్రం కుర్చీలోనే ఉండిపోయాడు. తర్వాత లేచి వీళ్ళ దగ్గరకు వచ్చాడు.

“ఆ రోజు డ్యూటీలో నేనే ఉన్నానండీ.”

“తెలుసు,” అంది వదిన.

తర్వాత ఆమే అడిగింది:

“ఇప్పుడలా ఎవరైనా వస్తే ఏం చేస్తావు బాబూ?”

“ముందు ఇ.సి.జి. తీస్తానమ్మా. ఏ మందులు వాడినా సరే.”

వదిన తలూపింది. తిట్టలేదు, ఓదార్చనూ లేదు. బయటికొచ్చాక మెట్ల మీద కూలబడి, ఆయన పోయిన రోజు కూడా ఏడవనంతగా ఏడ్చింది. ఆ ఒక్క బుద్ధి ముందే వచ్చుంటేనా అని అదే మాట పదే పదే అంది. బొమ్మలమ్మాయి ఆమెను పట్టుకుని కూర్చుంది.

స్టూడియోలో ఆనాడు బొమ్మ గీసి నవ్వించినతను ఒకరోజు టీ తెచ్చిచ్చి, మా అమ్మకూ ఈ జబ్బుంది, ఎవరికీ చెప్పకు అన్నాడు. ఆమె సరేనంది. షాపు మాత్రం నిలబడలేదు. చూపు పరీక్షించే మనిషి లేక వదిన దాన్ని అమ్మేసి, ఒక బట్టల కొట్టులో పనికి చేరింది. అక్కడ ఎవరైనా భర్త ఎలా పోయాడని అడిగితే, గుండెపోటుతో అంటుంది. ఆ వెంటనే, బైపోలార్ కూడా ఉండేది అని అదే గొంతుతో చెబుతుంది. కొందరు మాట మార్చేస్తారు. ఆమె చేతిలో ఉన్న చీర మడత పూర్తి చేసి, తర్వాతి చీర అందుకుంటుంది.