నేను అప్పజెప్పిన పిన్ని మార్కులు

నా చిన్నప్పుడు మా ఇంట్లో రోజూ పొద్దున ఒకే ఒక్క కోడిగుడ్డు ఉడికేది. అది మా పిన్నికి. చదువుకునే బుర్రకు బలం కావాలని మా నాన్నగారి పట్టుదల. నేనప్పుడు తెనాలిలో ఆరో తరగతి. నాదీ చదువుకునే బుర్రే, పైగా క్లాసులో మొదటి స్థానం నాదే. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తుండేది కాదు. నా మార్కుల కార్డు మీద నాన్న సంతకం పెట్టి పక్కన పెట్టేవారు. పిన్నికి ఒక చిన్న పరీక్షలో నాలుగు మార్కులు పెరిగితే మాత్రం ఆ రోజు ఇల్లంతా పండగే.

పిన్ని మా అమ్మకు చెల్లెలు. వాళ్ళది రేపల్లె దగ్గర నగరం అనే ఊరు. మా అమ్మమ్మ కాన్పు కష్టమై, డాక్టరు దగ్గరికి చేర్చేలోగానే దారిలో పోయింది. అప్పటికి పిన్నికి ఏడేళ్లు. డాక్టరు కావాలని అప్పుడే అనుకుందట. కానీ అనుకున్నంత సులువుగా చదువు అబ్బలేదు. మా ఇంట్లో ఉండి, అప్పట్లో ఇంటరు బదులుండే పి.యు.సి. చదివింది, అత్తెసరు మార్కులతో గట్టెక్కింది. మెడికల్ కాలేజీకి దరఖాస్తు పెడితే పిలుపు రాలేదు. మళ్ళీ పరీక్ష రాస్తానని మా ఇంట్లోనే ఉండిపోయింది.

అమ్మమ్మ సంగతి నాకు తెలుసు. తెలిసినా నా కడుపుమంట తగ్గలేదు. పిన్ని దీపం ముందు కూర్చుని ఫిజిక్సు లెక్కలతో కుస్తీ పడుతుంటే, తలుపు చాటున నిలబడి నాలో నేను నవ్వుకునేదాన్ని. ఆమె పెట్టె తెరిచి మార్కుల కాగితం దొంగతనంగా ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. అందులోని అంకెలు చూస్తే నాకు ఎక్కడలేని తృప్తి కలిగేది.

ఆ వేసవిలో బాపట్లలో మా నాన్న తరపు బంధువుల పెళ్లి. చర్చిలో పెళ్లి అయ్యాక పందిట్లో భోజనాలు ముగించి ఆడవాళ్ళంతా ఒకచోట చేరారు. వాళ్ళ మధ్య ఒక పెద్దావిడ ఉంది. తెల్లచీర, చిన్న చేతిగడియారం. చాలా ఏళ్ళు ఆసుపత్రుల్లో పనిచేసి రిటైరైన డాక్టరమ్మ అని చెప్పుకున్నారు. అంతలో ఎవరో మా అమ్మను, "మీ చెల్లెలు డాక్టరు చదువుతుందంట గదా?" అని అడిగారు. అమ్మ గర్వంగా, "అవునండి, ఈ ఏడు సీటు వచ్చేస్తదండి" అంది.

నాకేమైందో తెలియదు. లేచి నిలబడి, ఆదివారం బడిలో వాక్యం అప్పజెప్పినట్టు గడగడా అప్పజెప్పాను.

"మా పిన్నికి ఫిజిక్సులో ముప్ఫై ఎనిమిది, కెమిస్ట్రీలో నలభై ఒకటి, బయాలజీలో యాభై రెండు. నూటికి."

ఒకావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అమ్మ నా తొడ మీద గట్టిగా గిల్లింది. నేను మాత్రం పిన్ని వంకే చూస్తున్నాను. ఆమె ఏడుస్తుందని, లేచి లోపలికి పారిపోతుందని ఎదురుచూస్తున్నాను. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. తల వంచుకుని చీర కుచ్చిళ్లు ఒకసారి సర్దుకుంది. తర్వాత తలెత్తింది.

"ఇంగ్లీషు చెప్పలేదేమే? కాస్త నయంగా వచ్చింది అందులోనే" అంది నాతో. ఆ వెంటనే డాక్టరమ్మ వైపు తిరిగింది. "అవే నా మార్కులండి. ఈ మార్కులు పెట్టుకుని డాక్టరు కావాలంటే ఏం చెయ్యాలండి?"

ఆ పెద్దావిడ నవ్వలేదు, జాలిపడనూ లేదు. పిన్నిని దగ్గరికి రమ్మని పక్కన కూర్చోబెట్టుకుంది. "ఫిజిక్సులో ఎక్కడ పోతున్నాయమ్మా?" అని అడిగింది. సూత్రాలు నోటికి వస్తాయనీ, లెక్క మొదలుపెట్టేసరికి చేతులాడవనీ పిన్ని దాచకుండా చెప్పింది.

"అయితే మళ్ళీ అదే గోడకు తల కొట్టుకోవడం ఎందుకు? ఇంకో దారుంది, కాస్త దూరం అంతే" అందావిడ. డిగ్రీ చదివిన వాళ్ళకు విడిగా కొన్ని సీట్లుంటాయనీ, వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, కెమిస్ట్రీ తీసుకుని బి.యస్సీ.లో ఫస్టు క్లాసు తెచ్చుకోమనీ వివరించింది. సెలవుల్లో రేపల్లెలో ఒక ఆసుపత్రిలో సాయం చేయడానికి ఉత్తరం రాసిస్తానంది. "దానికి మార్కులేమీ కలపరు. కానీ ఇంటర్వ్యూలో డాక్టరు ఎందుకవుతావని అడిగితే, చెప్పడానికి నీ సొంత మాట ఉంటుంది."

పిన్ని ఒక్కో మాటా వింటుంటే, నా లోపల మంట రెట్టింపయింది. నేను రాయి విసిరితే ఆమె ఒళ్ళో కాయ రాలింది.

తిరుగు రైల్లో పిన్ని నన్ను తన పక్కనే కూర్చోబెట్టుకుంది. దెబ్బలు తప్పవనుకున్నాను. తెనాలి దగ్గర పడింది. ఉండబట్టలేక నేనే, "నీకు కోపం రాలేదా పిన్నీ?" అన్నాను.

"ఎందుకు రాదు? నీ చెంప పగలగొడదామనుకున్నా" అంది. "కానీ ఆవిడ్ని అడగాలని పొద్దున్నించీ చూస్తున్నానే. మార్కులెన్ని అని అడుగుతుందేమోనని నోరు పెగల్లేదు. నువ్వు కాస్తా చెప్పేశావు. ఇంక పోయేదేముందని అడిగేశా."

నా వైపు తిరిగి, "నా మీద ఎందుకే నీకంత కచ్చ?" అంది.

నాకు ఏడుపొచ్చింది. క్లాసులో ఫస్టు వచ్చినా నన్నెవరూ చూడరని వెక్కుతూ చెప్పాను. పిన్ని నా మొహం తుడిచింది. "నన్ను కూడా చూడండని ఎప్పుడన్నా అడిగావా? అడక్కుండా ఎవరికి తెలుస్తదే?" అంది. బుజ్జగించినట్టు కాదు, మామూలుగా అంది. మర్నాడు అమ్మతో ఏం చెప్పిందో గానీ, ఆ వారం నాన్న నా కార్డు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు.

జూన్‌లో పిన్ని తెనాలిలోనే బి.యస్సీ.లో చేరింది. ప్రతి సాయంత్రం పుస్తకం నా చేతికిచ్చి ప్రశ్నలడగమనేది. మొదట్లో ఆమె తప్పు చెబితే ఎగిరి గంతేసేదాన్ని. తప్పినవన్నీ ఆమె ఒక నోటుబుక్కులో రాసుకుని, మూడోరోజు మళ్ళీ అవే అడగమనేది. కొన్నాళ్ళకు ఆమె సరిగ్గా చెప్పినప్పుడు కూడా నాకు బాగానే అనిపించడం మొదలైంది. సెలవుల్లో రేపల్లె వెళ్లి కట్లు కట్టడం, రోగుల పేర్లు రాయడం చేసేది. ఆమెకు ఫస్టు క్లాసు వచ్చింది. ఇంటర్వ్యూ అయ్యాక మొదటి జాబితాలో పేరు లేదు. ఎవరో చేరకపోవడంతో చిట్టచివర కబురొచ్చింది. ఆ ఉత్తరం చూసి ఇంటిల్లిపాదీ ఏడ్చారు. నేనూ ఏడ్చాను. కానీ నిజం చెప్పాలి, ఆ క్షణంలో కూడా లోపల ఒక మూల చురుక్కుమంది.

పిన్ని డాక్టరై, మా అమ్మమ్మ పోయిన ప్రాంతంలోనే పాతికేళ్లకు పైగా కాన్పులు చేసింది. నేను బడిపంతులమ్మనయ్యాను. ఈర్ష్య నన్ను వదల్లేదు. పక్క క్లాసు టీచరు పిల్లలు బాగా రాస్తే నిద్ర పట్టేది కాదు. కానీ బాపట్ల పెళ్లి తర్వాత ఒకటి నేర్చుకున్నాను. ఎవర్ని చూస్తే కడుపు మండుతుందో వాళ్ళ దగ్గరికే వెళ్ళి, అదెలా చేశారని అడగడం. అడిగితే మంట సగం చల్లారుతుంది. మిగిలిన సగం నాచేత పని చేయిస్తుంది.

మొన్నామధ్య మా చర్చికి నాకంటే నాలుగేళ్లు పెద్దావిడ కొత్తగా వచ్చింది. ఈ వయసులోనూ పై స్వరం ఇట్టే అందుకుంటుంది. రెండు ఆదివారాలు ఆవిడ పాడుతున్నంతసేపూ పాటల పుస్తకంలోంచి తల ఎత్తలేదు నేను. మూడో ఆదివారం వెళ్ళి, "ఆ పై స్వరం ఎట్లా పట్టుకుంటున్నారండి?" అని అడిగాను. ఆవిడ సంబరంగా నా చేయి తీసుకుని తన పొట్ట మీద పెట్టుకుని, ఊపిరి పీల్చి చూపించింది. ఇప్పుడు ఇద్దరం ఆరాధనకు అరగంట ముందే వెళుతున్నాం.