మట్టల ఆదివారం నాటి సున్నం

నా చిన్నప్పుడు, మావాళ్ళు సముద్రం దాటొచ్చి చేరిన రబ్బరు ఎస్టేటులో, కూలీల లైన్లలో ముళ్ళకంచె లోపల బతికే రోజుల్లో, మా నానమ్మ ఒక తెల్లదొర సమాధికి సున్నం వేయడానికి నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది. నాకది సుతరామూ ఇష్టం లేదు.

కారణం ఉంది. మా నాన్న ఆ దొర జీపు నడిపేవాడు. తెల్లవాళ్ళ ప్రభుత్వం మీద తిరగబడి అడవిలో ఉండేవాళ్ళు రబ్బరు తోట మలుపులో కాపుకాసి కాల్చినప్పుడు ఇద్దరూ ఒకేసారి పోయారు. దొరని ఆఫీసు వెనక గుట్ట మీద పాతి, రాయి నిలబెట్టి పేరు చెక్కించారు. నాన్నని దహనం చేసి, బూడిద ఏట్లో కలిపారు. నాన్నదంటూ వెళ్ళి చూసుకోడానికి నాకేమీ మిగల్లేదు.

నానమ్మ దొర బంగళాలో ఆయా. దొరసాని వచ్చీరాని తమిళంలో తమ ఊరి సంగతులు చెబితే, వాటిని నానమ్మ నాకు మన తెలుగులో చెప్పేది. వాళ్ళది వేల్స్ అనే కొండల దేశం. ఊళ్ళో చిన్న రాతి చర్చి ఉంది. అది ఎవరు కట్టారో చెప్పగలిగేవాళ్ళే లేరట, అంత పాతది. గుమ్మం పక్కన చెట్టు చర్చికన్నా ముసలిదట. దొర తాతముత్తాతలంతా ఆ చర్చిలోనే పేరు పెట్టించుకుని, అక్కడే పెళ్ళాడి, ఆ గోడ పక్కనే మట్టిలో కలిశారట. ఏటా ఈస్టరుకి ముందు వారం వచ్చే మట్టల ఆదివారానికి ఊరు ఊరంతా వచ్చి సమాధులు కడిగి, సున్నం కొట్టి, పూలు పెడతారట. నేను రాతి గుడి ఎక్కడ చూశాను గనక? మా రామమందిరంలాగే దానికీ రేకుల కప్పు వేసి ఊహించుకునేదాన్ని.

దొర మాత్రం తనవాళ్ళ పక్కకి చేరలేదు. శవాన్ని అంత దూరం పంపడం కుదరదన్నారు. దొరసాని ఒక్కతే ఓడెక్కి వెళ్ళిపోయింది. ఆ ఊళ్ళో దొరకి ముసలి తల్లి ఉందని నానమ్మకి తెలుసు.

ఆ ఏడు తమిళ క్రైస్తవులు మట్టలు పట్టుకుని వెళ్తుంటే చూసి, నానమ్మ పొడి సున్నం గుడ్డలో మూటగట్టింది. గేటు దగ్గర కాపలావాడు మూట విప్పించాడు. అడవిలోవాళ్ళకి తిండి అందకూడదనే ఆ కంచె; గుప్పెడు బియ్యం చేరవేసినా జైలే అప్పట్లో. ఇది పిండి, ఎవరికి పట్టుకెళ్తున్నావు అన్నాడు. సున్నమని ఎంత చెప్పినా వినలేదు. రెండోవాడు తుపాకీ సర్దుకున్నాడు. నానమ్మ తొణక్కుండా బొడ్లోంచి వక్కాకు సంచి తీసి, తడి తమలపాకు మీద ఆ మూటలోంచే చిటికెడు రాసి, వక్కతో మడిచి నోట్లో పెట్టుకుంది. వాడి ఎదురుగానే తాపీగా నమిలి, ఎర్రగా ఉమ్మింది. ఆ ఎరుపు చూసి వాడు మూట తిరిగి ఇచ్చేశాడు.

గుట్ట మీద ఆమె సున్నం కలిపి, కొబ్బరిపీచు కుంచె నా చేతికివ్వబోయింది. నేను తీసుకోలేదు. నాన్నకి ఒక్క రాయైనా లేదు, ఆయన్ని చావుకి తీసుకుపోయినవాడికి మనం సేవ చెయ్యాలా అని ఏడ్చాను. నానమ్మ నన్ను తిట్టలేదు. రాయి మీద నాచు గీకుతూనే మాట్లాడింది.

"నా కొడుకుని నాను సూసుకున్నాను. బూడిదైనా ఈ సేతుల్తోనే ఎత్తినాను. ఆ ముసిల్తల్లికి అదీ లేదు. ఈయేళ ఆళ్ళూర్లో అందరూ ఆళ్ళోళ్ళ సమాధులు కడుగుతుంటారు. ఆ యమ్మ ఉత్తి సేతుల్తో నిలబడుంటాది. ఆ యమ్మ పని నాను సేత్తన్నాను. అంతే."

అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాన్న పోయిన రోజున కూడా ఆమె అలా ఏడవగా నేను చూడలేదు. కాసేపటికి కుంచె నేనే అందుకున్నాను. మంకెన పూలు కోసుకొచ్చి రాయి కింద పెట్టాం.

మెర్దెకా వచ్చింది, అంటే ఈ దేశానికి స్వతంత్రం. తర్వాత కొన్నేళ్ళకి కంచె కూడా పీకేశారు. నానమ్మ పోయాక ఆ సున్నం నేనే వేస్తూ వచ్చాను. చివరికి రబ్బరు కొట్టేసి పామాయిలు మొక్కలు నాటారు. ఆ రాయి ఏమైందంటే ఎవరూ చెప్పలేకపోయారు.

ఇప్పుడు బంటింగు పట్నంలో కొడుకు దగ్గర ఉంటున్నాను. ఏదో దేశంలో కాల్పుల్లో ఎవరో పోయారని టీవీలో చెబితే, పోయింది ఏ పక్షంవాడని ఇంట్లో పిల్లలు అడుగుతారు. నాకు మాత్రం ఒక రాతి చర్చి ముందు ఉత్తి చేతులతో నిలబడ్డ ముసలామె కనబడుతుంది.