మునక మడి

కొండపాక అవతల, చెరువు నీళ్లు పరుచుకునే శిఖం పక్కన పోచవ్వకు ఇరవై గుంటల పొలం, అంటే అరెకరం ఉంది. ఆమె కాపురానికొచ్చినప్పుడు ఆ చెరువులో నీళ్లకన్నా మేకలే ఎక్కువ కనిపించేవి. వరి ఎండిపోతే కోసి పశువులకు వేయడం ఏటా ఉన్న తంతే. వరి కర్ర బతికిందో లేదో చూడాలంటే పోచవ్వ బొటనవేలి గోటితో ఆకు గిల్లేది. పసరు తగలకపోతే చచ్చినట్టే. ఊళ్లో అందరికీ ఆ గోరు చెప్పిందే వేదం.

ఇప్పుడు కాలువ నీళ్లొచ్చి చెరువు నిండుతోంది. నిండితే మంచిదే కదా అంటారు, మడి మునగనివాళ్లు అలాగే అంటారు. రెండేళ్లు వరసగా నాటు మునిగి కుళ్లింది. రెండేళ్లూ పోచవ్వ రెండోసారి నాటేసింది. ఇంట్లో తిండిగింజలకు ఆ మడే దిక్కు. అందుకే ఈసారి కోడలు సౌమ్య మునకకు ఓర్చుకునే విత్తనం తెచ్చింది.

నాటిన మూడు వారాలకు ముసురు పట్టి చెరువు మళ్లీ మడి మీదికొచ్చింది. పదకొండు రోజులు కదల్లేదు. నీళ్లు తగ్గాక చూస్తే ఒక్క ఆకు నిలబడి లేదు. అంతా మురుగు కంపు. పోచవ్వ ఇటు గిల్లింది, అటు గిల్లింది. ఎక్కడా పసరు లేదు.

"అత్తమ్మా, గీ వరి మునిగితే పండుకుంటదట. నీళ్లు పోయినంక వారం దినాలు ముట్టొద్దని ఇత్తునమిచ్చినోళ్లు అన్నరు," అంది సౌమ్య.

"పండుకున్నదేదో, పీనుగేదో నాకు తెల్వదా బిడ్డా? నర్సమ్మ తాన మిగిలిన నారు ముదురుతున్నది. గిప్పుడే దున్నాలె."

నిజానికి ఆమెకు కోపం లేదు. ఇంకో వారం ఆశపడే ఓపిక లేదు, అంతే.

మర్నాడు ఊళ్లో కిరాయికి దున్నే దేవదాసు ట్రాక్టర్ తెచ్చి దున్నాడు. కింది మూలలో బండి దిగబడితే బయటికి తీసేసరికి మిట్టమధ్యాహ్నమైంది.

"గా మూల ఇడిచిపెట్టు కొడుకా," అంది పోచవ్వ విసుగ్గా.

దున్నిన ఆరో రోజు అత్తాకోడళ్లు నారు కట్టలతో మడికొచ్చారు. ఆ వదిలేసిన మూడు గుంటల్లో కుదురు కుదురుకీ లేత ఆకు లేచి ఉంది. ప్రాణం ఆకులో కాదు, బురద కింద కర్ర మొదలులో దాక్కుంది. ఎండకు చచ్చే వరినే చూసిన గోటికి అది అందలేదు.

సౌమ్య నారు కట్టలు ఒడ్డున దించింది. పోచవ్వ ఒడ్డు మీద కూలబడి, కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"పదిహేడు గుంటలు నా చేతులార తొక్కిచ్చిన."

"ఊకో అత్తమ్మా."

కాసేపటికి లేచి చీర ఎగజెక్కింది. "వచ్చేయేడు నేను గిల్లవోతే చెయ్యి పట్టి గుంజు బిడ్డా," అని, ఆ ఏడు కూడా రెండోసారి నాటుకు వంగింది.