తెలీదని అడగనిచ్చిన ఇల్లు

మా అత్తగారు పోయారని చెప్పడానికి ఆ రోజు పొద్దున్న బంధువులందరికీ నేనే ఫోన్లు చేశాను. ఎప్పుడు, ఎలా అని అడిగాక ముగ్గురు ఒకే మాట అన్నారు: "అయితే మరి పిల్ల సదువో?" నాలుగో క్లాసు దాటని మనిషి పోతే ఒక ఇంటి చదువు గురించి జనం కంగారుపడటం వింతగానే ఉంటుంది. ఆ కంగారుకి అర్థముంది కనకనే ఇది రాస్తున్నాను.

మాది పాతపట్నం దగ్గర ఊరు. వరి, కొంచెం మెట్ట. మా అమ్మాయిని ఆరో క్లాసులో టౌనులో ఒక హాస్టలు బడిలో వేశాం. అర్థం కాలేదని లేచి అడిగితే, అడిగినందుకు ఆ పీరియడ్ అయ్యేదాకా నిలబెట్టేవారట. మొదట అడగడం మానేసింది. తర్వాత మాట్లాడటమే మానేసింది. దసరా సెలవులకి వచ్చిన పిల్ల, కంచంలో ఏం వడ్డించినా వద్దనదు, ఇంకొంచెం కావాలనదు. మేం వెనక్కి పంపలేదు. ఇంట్లోనే చదివించి, ఓపెన్ స్కూలు ద్వారా పదో తరగతి రాయిద్దామనుకున్నాం.

నేను డిగ్రీ చదివాను కాబట్టి ఆ పని నాదే అనుకున్నాను. గోడకి టైంటేబుల్ అంటించాను. రోజుకి ఏడు పీరియడ్లు, శనివారం పరీక్ష. రెండు వారాలు అలాగే నడిపాను. మూడో వారం అత్తగారు చేటలో బియ్యం ఏరుతూ, తలెత్తకుండా అన్నారు:

"పిల్లని బడి మానిపించి, బడిని ఇంటికి తెచ్చినావేటమ్మా?"

నాకు కోపం వచ్చింది. "మరేం చెయ్యాలో మీరే చెప్పండత్తా" అన్నాను.

"సదువు సంగతి నాకేటి తెలుస్తాది? ముందు మన కొంపకి ఏటి కావాలో సూసుకోండి. ఆ తరవాత ఎన్ని గంటలకి ఏటి సదవాలో రాద్దురు గాని."

ఆ సాయంత్రం అందర్నీ అరుగు మీద కూర్చోబెట్టి ఒక్కొక్కరినీ అడిగారు. పిల్ల పది పాసైతే చాలన్నారు మా ఆయన. నేను ఇంగ్లీషు అన్నాను. "తెలీంది తెలీదని అడగాల. అడిగినందుకు ఈ ఇంట్లో ఎవులూ నవ్వకూడదు. నాకదొక్కటే కావాల" అన్నారు అత్తగారు. పిల్లనీ అడిగారు. అది తల అడ్డంగా ఊపింది. "సర్లే, నీది తరవాత సెప్పు" అని వదిలేశారు.

మర్నాటి నుంచి రోజు మారిపోయింది. పొద్దున్నే పిల్ల తండ్రితో పొలానికి వెళ్లొచ్చేది. వచ్చాక నా దగ్గర లెక్కలు, సైన్సు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇంట్లో అందరూ తలొక ప్రశ్న అడగాలి, తమకు నిజంగా తెలీనిది. మొదటి ప్రశ్న అత్తగారిదే. ఆవిడ పుట్టిల్లు సరిహద్దు అవతల, ఒడిశాలో. చదివిన ఆ కాస్తా ఒడియాలోనే. తెలుగు మాట్లాడతారు గాని చదవడం రాదు. ఆ సంగతి అన్నేళ్లూ నాకే తెలీదు. శుభలేఖ వస్తే "కళ్లజోడు కనపడ్లేదు, నువ్వు సదువు" అనేవారు. ఆ రోజు పిల్ల ముందు పేపరు పరిచి ఒక అక్షరం మీద వేలు పెట్టారు.

"ఒసే, ఇదేటి?"

పిల్ల పేపరు మీదికి వంగింది. "ఋ" అంది మెల్లగా.

"ఎక్కడ వాడతారు దీన్ని?"

"ఋషి... ఋతువు."

"ఇన్ని మెలికలూ రెండు మాటలకేనా?"

పిల్ల నవ్వింది. బడి మాన్పించాక దాని నవ్వు వినడం అదే మొదటిసారి.

అంతా సవ్యంగా సాగిందని చెప్పను. పరీక్ష రాయాల్సిన ఏడు, వరి కోతల రోజుల్లో, ఆదివారాలు ఓపెన్ స్కూలు క్లాసులకి పిల్లని వెళ్లనివ్వలేదు ఆవిడ. "ఇంటి పనిలో సెయ్యి పెట్టకుండా సదివిన సదువు మనకొద్దు" అన్నారు. నేనూ గట్టిగా అడ్డుపడలేదు. పిల్ల లెక్కల్లో తప్పింది. అప్పుడు మాత్రం ఆవిడ మీద విరుచుకుపడ్డాను. మీ పద్ధతుల వల్లే దాని ఏడాది పోయిందన్నాను. నాలుగు రోజులు మా మధ్య మాటల్లేవు. ఐదో రోజు ఆవిడే వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"తప్పు నాదేనమ్మా. ఆ లెక్కలు ఎలగుంటాయో తెలీకుండానే పిల్లని ఆపీసినాను. నిన్నడగాల్సింది. అడగలేదు."

ఒక అత్తగారు కోడలితో అలా అనడం నేను అంతకుముందు వినలేదు. టీ గ్లాసు అందించాను. తీసుకున్నారు. వెనక నుంచి పిల్ల అంది: "మామ్మా, నాకేం కావాలో ఇప్పుడు చెప్పనా? లెక్కలు మళ్లీ రాయాలి. పొద్దున్న పూట నాకు వదిలెయ్యండి."

తర్వాతి కోతలకి పిల్ల బదులు, మోకాళ్ల నొప్పితోనే, ఆవిడ పొలానికి వెళ్లారు. వద్దంటే వినలేదు. లెక్కలు రెండోసారికి గట్టెక్కాయి, అత్తెసరు మార్కులతో. ఇంగ్లీషు మాత్రం నేననుకున్నంత ఇప్పటికీ రాలేదు. ఇప్పుడు ఇంటరూ ఇంట్లోనే చదువుతోంది.

పోయే ముందు ఆవిడకి ఆయాసం ఎక్కువైతే శ్రీకాకుళంలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరు రిపోర్టులు చూసి గుండె పెరిగిందన్నారు. మాట్లాడాలి, బయటికి రండని మా ఆయన్ని పిలిచారు. మంచం మీంచి అత్తగారు చెయ్యెత్తారు.

"ఏటున్నా ఇక్కడే సెప్పండి బాబూ. మా గుంటకి సెప్పండి, ఈ పిల్లకి. అది అడుగుతాది."

డాక్టరు వెనక్కి తిరిగారు. మా అమ్మాయి ముందుకొచ్చింది.

"గుండె పెరిగిందన్నారు కదండీ, నాకర్థం కాలేదు. పెరిగితే బలం ఎందుకు తగ్గుతుంది?"

ఆయన ఒక కాగితం తీసి గుండె బొమ్మ గీస్తూ చెప్పడం మొదలుపెట్టారు. పిల్ల మధ్యలో ఆపి ఇంకోటి అడిగింది. దాని తర్వాత మరోటి. మందులతో ఎన్నాళ్లు నెట్టుకురావచ్చో కూడా అడిగింది.

డాక్టరు చెబుతున్నది అత్తగారి ప్రాణం గురించి. ఆవిడ మాత్రం ఒక్క ముక్కా విన్నట్టు లేదు. దిండుకి చేరగిలబడి, పిల్ల పెదాలకేసే చూస్తూ ఉండిపోయారు.